చిన్నప్పటి ఒత్తిడి జన్యువుల దాకా వెళుతుందా?

"కడుపుతో ఉన్నప్పుడు తల్లి టెన్షన్ పడితే బిడ్డ డీఎన్ఏ మారిపోతుంది" అనే మాట ఈ మధ్య వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ బాగా తిరుగుతోంది. దాని వెనకాలే గర్భసంస్కార తరగతుల ప్రకటన వస్తుంది, లేదంటే ఏదో పొడి డబ్బా ప్రకటన వస్తుంది. మధ్యలో అభిమన్యుడి కథ ఎలాగూ ఉంటుంది. ఆ మాటలో సగం తప్పు, మిగతా సగం అతి. అయితే దాని అడుగున నిజమైన సైన్సు ఒకటి ఉంది. అది ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో విడదీసి చూడకపోతే ఇప్పటికే వంద విషయాలకి మాట పడుతున్న తల్లుల నెత్తిన ఇంకో నింద చేరుతుంది.

ముందు ఒక విషయం తేల్చేసుకుందాం. టెన్షన్ పడినంత మాత్రాన బిడ్డ డీఎన్ఏలోని అక్షరాలు వేరే అక్షరాలైపోవు. మన ఒంట్లో కాలేయ కణంలో ఉన్న డీఎన్ఏ, మెదడు కణంలో ఉన్న డీఎన్ఏ దాదాపు ఒకటే. ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అన్న దగ్గరే తేడా. ఆ తేడాని నిలబెట్టే రసాయన ఏర్పాట్లన్నిటినీ కలిపి ఎపిజెనెటిక్స్ అంటున్నారు. వాటిలో ఎక్కువ పరిశోధన జరిగింది మిథైలేషన్ మీద. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు ఉన్న చిన్న గుంపు వచ్చి డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది. జన్యువు మొదలయ్యే చోట ఇవి ఎక్కువైతే మామూలుగా ఆ జన్యువు పని తగ్గుతుంది. రెండోది, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద జరిగే మార్పులు. చుట్టు బిగుతుగా ఉంటే జన్యువు అందుబాటులో ఉండదు, వదులైతే ఉంటుంది. గర్భంలో ఒక్క కణం నుంచి ఇన్ని రకాల కణాలు తయారవుతున్నాయంటే ఈ ఏర్పాటు వల్లే. కాబట్టి ఎపిజెనెటిక్స్ అనగానే జబ్బు అనుకోనక్కర్లేదు. అది లేకపోతే మనిషే తయారవడు.

ఇక ఒత్తిడి. వీధికుక్క మీదకి దూకినా, అప్పులవాడు తలుపు కొట్టినా మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కణ్ణుంచి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకి కబురు వెళ్తుంది. అడ్రినల్ కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ని వదులుతుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఒళ్లు అప్రమత్తమవుతుంది. కార్టిసాల్ విషమేమీ కాదు, పొద్దున నిద్రలేచే వేళకి అది అందరిలోనూ ఎక్కువగానే ఉంటుంది. చిక్కంతా పని అయిపోయాక ఆగకపోవడంలో ఉంది. మేడ మీద నీళ్ల ట్యాంకులో బాల్ ఉంటుంది కదా, నీళ్లు నిండగానే పైకి లేచి వచ్చే నీళ్లని ఆపేస్తుంది. కార్టిసాల్ విషయంలో ఆ బాల్ పని చేసేవి గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్లు, అంటే కణాల్లో కార్టిసాల్‌ని పట్టుకునే ప్రొటీన్లు. జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్‌లో ఇవి దండిగా ఉంటాయి. కార్టిసాల్ వచ్చి వీటిని తాకగానే "ఇక చాలు" అన్న కబురు హైపోథాలమస్‌కి అందుతుంది. రిసెప్టర్లు తక్కువ ఉన్నవాళ్లలో ఆ కబురు ఆలస్యమవుతుంది, ట్యాంకు పొర్లుతుంది.

మాంట్రియల్ ఎలుకలు

కెనడాలో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ యూనివర్సిటీ న్యూరోసైంటిస్టు మైఖేల్ మీనీ 1990లలో ఎలుక తల్లుల పెంపకాన్ని గమనించడం మొదలుపెట్టాడు. ఎలుక పిల్లలు పుట్టేసరికి కళ్లు తెరవవు, ఒంటి మీద బొచ్చు ఉండదు, ఒంటి వేడిని కూడా సొంతంగా నిలబెట్టుకోలేవు. తల్లి వీపు పైకి వంచి వాటి మీద నిలబడితే కిందకి దూరి పాలు తాగుతాయి. మధ్యమధ్యలో తల్లి వాటిని నాకుతుంది. మీనీ బృందం మొదటి వారమంతా రోజుకి గంటల తరబడి బోనుల ముందు కూర్చుని, కొద్ది నిమిషాలకోసారి ఏ తల్లి ఏం చేస్తోందో రాసుకుంది. తల్లులన్నీ పాలిచ్చాయి, ఏదీ పిల్లల్ని గాలికి వదిలేయలేదు. కానీ కొన్ని బాగా ఎక్కువ నాకేవి, కొన్ని తక్కువ. ఎక్కువ నాకిన తల్లుల పిల్లల్ని పెద్దయ్యాక కాసేపు గొట్టంలో బంధించి చూస్తే వాటి ఒత్తిడి హార్మోను తక్కువే పెరిగింది, త్వరగా దిగింది. వాటి హిప్పోకాంపస్‌లో రిసెప్టర్లు కూడా ఎక్కువగా ఉన్నాయి. 1997లో ఈ ఫలితం సైన్స్ పత్రికలో వచ్చింది.

ఇది వంశంలో వచ్చిన గుణం కావచ్చు కదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. వాళ్లకీ వచ్చింది. అందుకని పుట్టిన గంటల్లోనే పిల్లల్ని మార్చి పెట్టారు. తక్కువ నాకే తల్లికి పుట్టి, ఎక్కువ నాకే తల్లి దగ్గర పెరిగిన పిల్లకి పెంచిన తల్లి పిల్లల తీరే వచ్చింది.

అసలు పట్టు 2004లో దొరికింది. అదే యూనివర్సిటీలో మిథైలేషన్ మీద పనిచేస్తున్న మోషే షిఫ్‌తో కలిసి మీనీ బృందం ఆ రిసెప్టర్ జన్యువు మొదలయ్యే చోట, ఒకానొక సైటోసిన్ మీద దృష్టి పెట్టింది. పుట్టకముందు ఆ చోట మిథైల్ గుర్తు లేదు. పుట్టిన మర్నాటికి రెండు రకాల పిల్లల్లోనూ ఉంది. ఆరో రోజుకి ఎక్కువ నాకించుకున్న పిల్లల్లో అది తొలగిపోయింది, తక్కువ నాకించుకున్నవాటిలో ఉండిపోయింది. పెద్దయ్యాక కూడా ఆ తేడా అలాగే ఉంది. తల్లి నాకుడు వల్ల పిల్ల మెదడులో కణాల మధ్య కబుర్లు మోసే సెరొటోనిన్ అనే రసాయనం కదలిక పెరగడం, దాని వెనకాల ఒక ప్రొటీన్ వచ్చి సరిగ్గా ఆ చోటే కూర్చోవడం, అక్కడి మిథైల్ గుర్తు పోవడం, ఇలా ఒక వరస కూడా చూపించారు. పెద్ద ఎలుకల మెదడులోకి, హిస్టోన్ల చుట్టుని వదులు చేసే ట్రైకోస్టాటిన్ అనే రసాయనం ఎక్కిస్తే ఆ తేడా చెరిగిపోయింది. అంటే గుర్తు గట్టిదే గానీ చెరగనిది కాదు.

పుట్టిన మొదటి వారంలో తల్లి ప్రవర్తనకీ, మెదడులో ఒక జన్యువు మీది ఒక గుర్తుకీ, పెద్దయ్యాక ఒత్తిడిని తట్టుకునే తీరుకీ మధ్య ఇంత స్పష్టమైన దారి అంతకుముందు ఎవరూ చూపించలేదు. ఆ ఉత్సాహంలో చాలామంది ఇక్కడే ఆగిపోయారు. ఎక్కువ నాకిన తల్లి మంచిది, తక్కువ నాకింది చెడ్డది అని తీర్పు ఇచ్చేశారు. అదే యూనివర్సిటీ నుంచి, మరికొన్ని ల్యాబుల నుంచి తర్వాత వచ్చిన ఫలితాలకి అంత ప్రచారం రాలేదు. నాకైతే అసలు కథ వాటిలోనే ఉందనిపిస్తుంది.

ఒకటి, ఎక్కువ నాకే తల్లిని గర్భంతో ఉన్నప్పుడు ఒత్తిడికి గురిచేస్తే తర్వాత అది కూడా తక్కువే నాకింది. రెండు, కాలిఫోర్నియాలో టాలీ బారమ్ బృందం తల్లి ఎలుకకి గూడు కట్టుకునే సామగ్రి బాగా తగ్గించి చూసింది. పిల్లల దగ్గర తల్లి గడిపే సమయం పెద్దగా తగ్గలేదు గానీ ఆ పెంపకం ముక్కలు ముక్కలైపోయింది. ఒక పని మధ్యలో వదిలేసి ఇంకోదానికి పరిగెత్తడం, మళ్లీ రావడం, మళ్లీ వెళ్లడం. ఆ పిల్లల ఒత్తిడి వ్యవస్థ దెబ్బతింది. అక్కడ తల్లికి వచ్చిన లోటు చాలినంత పరుపు లేకపోవడమే. మూడు, తక్కువ నాకించుకున్న ఎలుకలు అన్నింట్లోనూ వెనకబడలేదు. ఒత్తిడి హార్మోను ఎక్కువగా ఉన్న పరిస్థితి కల్పించి చూస్తే వాటి హిప్పోకాంపస్ కణాలే మెరుగ్గా పనిచేశాయని 2008లో తేలింది. ప్రమాదాలు ఎక్కువున్న లోకంలోకి వచ్చే పిల్లకి ముందుగానే కాస్త బెదురు నేర్పడం ప్రకృతి చేసుకున్న ఏర్పాటు కావచ్చు. లోకం మారిపోయినా బెదురు పోకపోతే అప్పుడది భారమవుతుంది.

మన బాలింతల నలుగు స్నానాల్నీ, పసిపిల్లల నూనె మాలిషునీ తీసుకెళ్లి ఈ ఎలుక నాకుడుకి ముడిపెట్టి "మన పెద్దలకి ఎపిజెనెటిక్స్ ముందే తెలుసు" అనే వీడియోలు వస్తే నమ్మకండి. మాలిషు మంచిదే. ఎలుక ప్రయోగం దాని గురించి ఏమీ చెప్పలేదు.

మనుషుల దగ్గరకొచ్చేసరికి

చిన్నతనంలో పడిన కష్టాలకీ పెద్దయ్యాక వచ్చే మానసిక సమస్యలకీ లంకె ఉందనడంలో పెద్ద వివాదం లేదు. అమెరికాలోని శాన్‌డియాగోలో 9,508 మందిని అడిగి 1998లో ప్రచురించిన అధ్యయనంలో కొట్టడం, లైంగిక వేధింపు, ఇంట్లో తాగుడు, తల్లిని హింసించడం లాంటి వాటిలో నాలుగు రకాలో అంతకన్నా ఎక్కువో అనుభవించినవాళ్లకి, ఒక్కటీ లేనివాళ్లతో పోలిస్తే మద్యానికీ మత్తుమందులకీ బానిసవడం, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం లాంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించాయి. లంకె ఎంత గట్టిదన్నది ఒక ప్రశ్న. అది జన్యువుల మీది గుర్తుల ద్వారానే నడుస్తోందా అన్నది వేరే ప్రశ్న. వార్తల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి.

ఎలుకల్లో చూసింది మనుషుల్లోనూ ఉందా అని చూడాలంటే మెదడు కావాలి. బతికున్నవాళ్ల హిప్పోకాంపస్ కోసి చూడలేం. కెనడాలోని క్యూబెక్‌లో ఆత్మహత్య చేసుకున్నవారి మెదళ్లని పరిశోధన కోసం భద్రపరిచే బ్యాంకు ఒకటుంది. 2009లో మెక్‌గిల్ బృందం అక్కణ్ణుంచి మూడు వర్గాల నమూనాలు తీసుకుంది: చిన్నప్పుడు హింసకి గురై తర్వాత ఆత్మహత్య చేసుకున్నవారు 12 మంది, హింస చరిత్ర లేకుండా ఆత్మహత్య చేసుకున్నవారు 12 మంది, వేరే కారణాలతో అకస్మాత్తుగా చనిపోయినవారు 12 మంది. చిన్నప్పుడు హింస చవిచూసినవారి హిప్పోకాంపస్‌లోనే ఆ రిసెప్టర్ జన్యువు మొదట్లో మిథైల్ గుర్తులు ఎక్కువగా ఉన్నాయి, జన్యువు పని తక్కువగా ఉంది. మిగతా రెండు వర్గాలూ దాదాపు ఒకలాగే ఉన్నాయి. అంటే ఆ గుర్తు ముడిపడింది ఆత్మహత్యతో కాదు, చిన్నతనంతో.

ఒళ్లు గగుర్పొడిచే ఫలితమే. కానీ మొత్తం 36 మెదళ్లు. ఇక్కడ హింసే గుర్తుకి కారణమని నిరూపించడానికి పిల్లల్ని మార్చి పెట్టే ప్రయోగం కుదరదు.

తర్వాత వచ్చిన వందల అధ్యయనాలు మెదడు వదిలేసి రక్తమో లాలాజలమో తీసుకున్నాయి. సులువు కాబట్టి. అక్కడే పెద్ద తిరకాసు. మిథైల్ గుర్తులు కణం రకాన్ని బట్టి ఉంటాయని పైనే అనుకున్నాం. తెల్ల రక్తకణం మీద కనబడిన గుర్తు హిప్పోకాంపస్ నాడీకణం మీద కూడా ఉందని ఏమిటి నమ్మకం? రక్తంలోనే రకరకాల కణాలు ఉంటాయి. జలుబు చేస్తే వాటి పాళ్లు మారతాయి, దాంతో సగటు గుర్తులూ మారినట్టు కనిపిస్తాయి. ఇంకొకటి పొగ. సిగరెట్ మిథైల్ గుర్తుల్ని గట్టిగా మారుస్తుంది. కష్టాల్లో పెరిగినవాళ్లు పొగతాగే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో 1994-95లో పుట్టిన 2,232 మంది కవలల్ని చిన్నప్పటి నుంచీ వెంటాడి చూస్తున్న అధ్యయనం ఒకటుంది. వాళ్లు 18 ఏళ్లకి వచ్చాక రక్తం పరీక్షించి, బాల్యంలోనూ కౌమారంలోనూ ఎదురైన హింసకీ మిథైల్ గుర్తులకీ సంబంధం వెతికారు. 2018లో వచ్చిన జవాబు నిరాశపరిచింది. కనిపించిన కొద్దిపాటి సంబంధాల్లో చాలావరకు పొగతాగడం వల్ల వచ్చినవే. ఈ ఫలితానికి 2009 నాటి దాంట్లో పదో వంతు ప్రచారం కూడా రాలేదు. అయినా రంగం నిజంగా ముందుకెళ్లింది ఇలాంటి వాటితోనే.

"మీ ఎపిజెనెటిక్ స్ట్రెస్ స్కోరు తెలుసుకోండి" అని ఎవరైనా లాలాజలం కిట్టు అమ్మజూపితే డబ్బు దాచుకోండి. ఫలానా గుర్తు ఉంది కాబట్టి ఫలానావారికి డిప్రెషన్ వస్తుందని చెప్పగల పరీక్ష ఏదీ డాక్టర్ల దగ్గర లేదు.

మరి ఒకే ఇంట్లో, ఒకే తండ్రి దెబ్బలు తిన్న ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు కుంగిపోతాడు, ఇంకొకడు నిలదొక్కుకుంటాడు. ఎందుకు? దీనికి కొంత జవాబు మ్యూనిక్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఎలిజబెత్ బిండర్ బృందం వెతికింది. ఎఫ్‌కేబీపీ5 అనే జన్యువు తయారుచేసే ప్రొటీన్ మన రిసెప్టర్లకి అడ్డం పడి కార్టిసాల్ కబురు అందకుండా చేస్తుంది. కార్టిసాల్ పెరిగితే ఈ జన్యువు కూడా చురుకవుతుంది. కొందరిలో పుట్టుకతోనే దీని రూపం కొంచెం వేరుగా ఉండి, కాస్త ఎక్కువగా చురుకవుతుంది. 2013లో వాళ్లు చూపిందేమిటంటే, ఆ రూపమూ ఉండి, చిన్నప్పుడు గట్టి దెబ్బ కూడా తిన్నవాళ్లలో ఆ జన్యువు మీది కొన్ని మిథైల్ గుర్తులు పోయి అది ఇంకా చెలరేగుతోంది. ఒక్క రూపం ఉంటే చాలదు, ఒక్క దెబ్బా చాలదు. పెద్దయ్యాక తిన్న దెబ్బకి ఈ మార్పు కనిపించలేదు. ల్యాబులో హిప్పోకాంపస్ మూలకణాలకి ఒత్తిడి హార్మోను లాంటి మందు పెట్టి చూస్తే, కణాలు విడిపోతూ రూపుదిద్దుకుంటున్న దశలో పెట్టినప్పుడే గుర్తు నిలిచిపోయింది. కణం పూర్తిగా తయారయ్యాక పెడితే నిలవలేదు. వయసు ఎందుకంత ముఖ్యమో దీన్ని బట్టి కొంత తెలుస్తుంది. తర్వాతి అధ్యయనాల్లో ఎఫ్‌కేబీపీ5 ఫలితాలు ఒక్కతీరుగా రాలేదన్నది కూడా చెప్పుకోవాలి. ఒక్క జన్యువు పట్టుకుని డిప్రెషన్ గుట్టు విప్పేద్దామన్న పాత ఆశలు చాలావరకు కూలిపోయాయి. మానసిక జబ్బుల ముప్పు వందల జన్యువుల్లో కొంచెం కొంచెంగా పంచుకుని ఉంటుంది.

బుకారెస్ట్ శిశుగృహాలు

పిల్లల్ని మార్చి పెట్టే ప్రయోగం మనుషుల్లో కుదరదన్నాను. దానికి దగ్గరగా వెళ్లింది రొమేనియాలో జరిగిన పని.

నియంత చౌషెస్కు జనాభా పెంచాలని 1966లో గర్భస్రావాల్ని నిషేధించాడు. పెంచలేని పిల్లల్ని ప్రభుత్వ అనాథాశ్రమాలు తీసుకునేవి. 1989 డిసెంబరులో అతను కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు వాటిలో ఉన్నారు. తిండి ఏదో అందేది. అందనిది మనిషి. ఒక్కో ఆయాకి చాలామంది పిల్లలు, అది కూడా షిఫ్టుల్లో. వరసగా ఊయల మంచాలు, పైకి చూస్తే తెల్లటి కప్పు. అక్కడికి వెళ్లినవారందర్నీ కలవరపెట్టింది ఆ గదుల్లోని నిశ్శబ్దం. ఏడిస్తే ఎవరూ రారని తెలిశాక పసిపిల్లలు ఏడవడం మానేస్తారు. చాలామంది కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతుండేవారు.

చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు 2000 తర్వాత బుకారెస్ట్‌లో 6 నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లల్ని ఎంచుకుని, లాటరీ తీసి, 68 మందిని పెంపుడు కుటుంబాలకి పంపారు. ఆ కుటుంబాల్ని వెతికి, జీతమిచ్చి, తర్ఫీదునిచ్చింది వాళ్లే, ఎందుకంటే అప్పటికి ఆ నగరంలో అలాంటి ఏర్పాటు దాదాపు లేదు. మిగతా 68 మంది ఉన్నచోటే ఉన్నారు, ఇళ్లు దొరికితే వెళ్లనిచ్చారు. ఇది న్యాయమేనా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నాకు దాని మీద పూర్తి సమాధానం లేదు. కానీ ఆ ఫలితాలే రొమేనియా చట్టం మారడానికి చేసిన వాదనలకి బలమిచ్చాయి. తీవ్రమైన వైకల్యం ఉంటే తప్ప రెండేళ్లలోపు పిల్లల్ని ఆశ్రమాల్లో పెట్టకూడదన్న చట్టం 2005లో అక్కడ అమల్లోకి వచ్చింది.

నాలుగున్నరేళ్ల వయసులో ఆశ్రమంలో ఉండిపోయినవారి సగటు ఐక్యూ 73, పెంపుడు ఇళ్లకి వెళ్లినవారిది 81, మొదటి నుంచీ సొంత ఇళ్లలో పెరిగిన అక్కడి పిల్లలది 109. రెండేళ్లలోపే ఇంటికి చేరినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. ఆశ్రమంలో కొంతకాలమైనా గడిపిన పిల్లల్లో సగానికి పైగా ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. పెంపుడు ఇంటికి వెళ్లినవారిలో ఆందోళన, కుంగుబాటు తగ్గాయి గానీ ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) తగ్గలేదు. మెదడులో ఒక్కో వ్యవస్థకి ఒక్కో గడువు ఉన్నట్టుంది.

ఎలుకల కథకి ఎదురుతిరిగే ఫలితం కూడా ఇక్కడే వచ్చింది. ఆ పిల్లలకి 12 ఏళ్లు వచ్చాక, పరాయివాళ్ల ముందు మాట్లాడించడం, లెక్కలు చేయించడం లాంటి పరీక్ష పెట్టి కార్టిసాల్ కొలిచారు. ఆశ్రమంలో పెరిగినవాళ్లలో అది ఎక్కువగా పెరుగుతుందనుకుంటాం. పెరగాల్సినంత కూడా పెరగలేదు, మొద్దుబారినట్టుంది. చిన్న వయసులోనే ఇంటికి చేరినవాళ్లలో మామూలుగా ఉంది. కాబట్టి "చిన్నప్పటి ఒత్తిడి అంటే జీవితాంతం ఎక్కువ కార్టిసాల్" అనే సూత్రం మనుషుల్లో నిలవదు. ఎలాంటి కష్టం, ఏ వయసులో, ఎంతకాలం అన్నదాన్ని బట్టి వ్యవస్థ అటైనా వంగుతుంది, ఇటైనా వంగుతుంది.

మన శిశుగృహాలు అప్పటి రొమేనియా ఆశ్రమాల్లా ఉన్నాయని అనను. కానీ 2015 నాటి మన బాలల న్యాయ చట్టం కూడా పిల్లల్ని సంస్థల్లో పెట్టడం ఆఖరి మార్గం కావాలంటోంది. దత్తత ఫైలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి వెళ్లే ఒక్కో నెలనీ పసిబిడ్డ వయసుతో కొలిచి చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది.

కడుపులో ఉండగా

1944-45 చలికాలంలో నాజీలు పశ్చిమ నెదర్లాండ్స్‌కి సరుకు రవాణా ఆపేశారు. మనిషికి రోజుకి ఇచ్చే రేషన్ వెయ్యి కేలరీల కిందకి, ఒక దశలో అందులో సగానికి పడిపోయింది. కరువు తీవ్రంగా ఉన్నప్పుడు కడుపున పడిన పిల్లల్లో పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా (లేనివి ఉన్నట్టు వినిపించడం, భ్రమలు కలగడం లాంటి లక్షణాలున్న తీవ్రమైన మానసిక జబ్బు) దాదాపు రెట్టింపు కనిపించింది. ఆరు దశాబ్దాల తర్వాత, 2008లో, అలాంటివారిలో 60 మంది రక్తాన్ని కరువు తగలని వారి తోబుట్టువులతో పోల్చి చూస్తే ఎదుగుదలకి సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయి. గర్భం చివరి నెలల్లో కరువు తగిలినవారిలో ఆ తేడా లేదు. ఆ గుర్తే స్కిజోఫ్రీనియాకి కారణమని ఎవరూ చూపలేదు. రెండూ ఒకే కరువు వదిలిన ఆనవాళ్లు, అంతవరకే.

రెట్టింపు అన్నమాట వినగానే గుండె ఆగుతుంది. కాబట్టి అసలు అంకె చూడాలి. చైనాలో 1959-61 కరువు గట్టిగా తగిలిన వుహు ప్రాంతంలో 1959లో పుట్టినవారిలో స్కిజోఫ్రీనియా 0.84 శాతం, 1960లో పుట్టినవారిలో 2.15 శాతం. ముప్పు రెండున్నర రెట్లు. అయినా కోట్లమందిని చంపిన కరువులో కడుపున పడిన నూటికి 97 మందికి పైగా ఆ జబ్బు రాలేదు. ఆఫీసులో టార్గెట్ల టెన్షన్‌నీ, అత్తగారింట్లో మాట పట్టింపునీ దీని పక్కన పెట్టి గర్భిణిని భయపెట్టడం అన్యాయం. ఆమెని కొడుతుంటే, ఆమెకి తిండి లేకపోతే, ఆమె తీవ్రమైన డిప్రెషన్‌లో ఉంటే అది వేరే సంగతి. అక్కడ చేయాల్సింది కూడా వేరే ఉంటుంది.

తాతల బాధ మనవల జన్యువుల్లో ఉంటుందా అన్న ప్రశ్న మీద త్వరగా ఒక మాట. నాజీ మారణహోమం నుంచి బయటపడిన 32 మందినీ వాళ్ల పిల్లలు 22 మందినీ పరీక్షించిన అధ్యయనం 2016లో వచ్చి "గాయం వారసత్వంగా వస్తుంది" అన్న శీర్షికలు పుట్టించింది. అందులో తల్లిదండ్రుల్లో ఎఫ్‌కేబీపీ5 మీద గుర్తులు ఎక్కువ, పిల్లల్లో అదే చోట తక్కువ. వారసత్వమంటే ఇలా ఉండదు. పైగా మనుషుల్లో అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం ఏర్పడగానే ఇంకోసారి మిథైల్ గుర్తులు చాలావరకు తుడుచుకుపోతాయి. ఆడపిల్లని మోస్తున్న గర్భిణికి కరువు తగిలితే ఆ పిల్ల అండాశయంలో అప్పటికే ఏర్పడుతున్న అండాలకి కూడా నేరుగా తగులుతుంది కాబట్టి మనవల్లో తేడా కనిపించినా దాన్ని వారసత్వం అనలేం. గాయపడిన తల్లిదండ్రుల దగ్గర పెరగడం కూడా ఒక దారే. దానికి వీర్యకణం అక్కర్లేదు.

వెనక్కి మళ్లుతుందా?

బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర ఛటర్జీ బృందం పెద్ద ఎలుకల్ని రోజుకి రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా బంధించింది. హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కురచబడ్డాయి, భయానికి కేంద్రమైన అమిగ్డాలాలో పెరిగాయి. తర్వాత 21 రోజులు ప్రశాంతంగా వదిలేస్తే హిప్పోకాంపస్ కోలుకుంది, అమిగ్డాలా కోలుకోలేదు. మనసు కుదుటపడ్డాక కూడా చిన్న చప్పుడుకి ఉలిక్కిపడేవాళ్లకి ఈ ఫలితం కొత్తగా అనిపించదు.

అలాగని పెద్దవాళ్లకి దారి మూసుకుపోలేదు. ఆలోచన, నిగ్రహం చూసుకునే మెదడు ముందుభాగం ఇరవైల మధ్య దాకా రూపుదిద్దుకుంటూనే ఉంటుంది. బాల్యం బాగా లేనివారి డిప్రెషన్ కాస్త మొండిది కావచ్చు గానీ మాటల చికిత్సకీ మందులకీ లొంగుతుంది. జన్యువుల మీది గుర్తుల్ని చెరిపే మందు మాత్రం లేదు. ట్రైకోస్టాటిన్ లాంటివి ఒక్క జన్యువుని వెతుక్కుని పనిచేయవు, అడ్డొచ్చినవన్నీ కదుపుతాయి. మూర్ఛకీ బైపోలార్‌కీ వాడే వాల్‌ప్రోయేట్‌కి హిస్టోన్ల మీద ఇలాంటి ప్రభావమే ఉంది, అదే మందు గర్భిణి వాడితే బిడ్డకి తీవ్రమైన లోపాలు రావచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవారు ఎవరికైనా చెప్పడానికి 14416 అనే టెలీ మానస్ నంబరు ఉంది, తెలుగులో మాట్లాడతారు.

మన పిల్లల గురించి మన దగ్గరే తెలుసుకునే ప్రయత్నం కూడా మొదలైంది. నిమ్హాన్స్, బ్రిటన్ సంస్థలు కలిసి మొదలుపెట్టిన సీవేదా అధ్యయనంలో 6 నుంచి 23 ఏళ్ల వయసువారిని దేశంలో ఏడుచోట్ల వేలసంఖ్యలో చేర్చుకున్నారు. వాటిలో ఒకటి మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ ఆరోగ్య కేంద్రం. ఎలుక బోను నుంచో, బుకారెస్ట్ నుంచో తెచ్చుకున్న లెక్కలు మన పల్లెల్లో ఎంతవరకు సరిపోతాయో ఇలాంటివాటితోనే తెలియాలి.

బారమ్ ప్రయోగంలో తల్లి ఎలుకకి కరువైన పరుపు లాంటి ఆసరా మనుషుల్లో తల్లికి అందిస్తే ఏమవుతుందో చూసిన ప్రయోగానికి మంచి ఉదాహరణ పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో ఉంది. అతీఫ్ రహ్మాన్ బృందం మన ఆశాల లాంటి అక్కడి ఆరోగ్య కార్యకర్తలకి కొద్దిపాటి శిక్షణ ఇచ్చింది. డిప్రెషన్‌లో ఉన్న గర్భిణి ఇంటికి వాళ్లు చివరి నెలలో వారానికోసారి, పురుడయ్యాక మొదటి నెలలో మూడుసార్లు, ఆ తర్వాత తొమ్మిది నెలలు నెలకోసారి వెళ్లారు. ఆమె ఆలోచనల గురించి, బిడ్డ గురించి, ఇంట్లో ఎవరు తోడుంటున్నారన్న దాని గురించి మాట్లాడారు. మామూలుగా వెళ్లొచ్చిన కార్యకర్తల పరిధిలోని తల్లుల్లో పురుడైన ఆరు నెలలకి 53 శాతం ఇంకా డిప్రెషన్‌లోనే ఉన్నారు, శిక్షణ పొందినవారి పరిధిలో 23 శాతం. పిల్లల బరువు, ఎత్తుల్లో తేడా రాలేదు. విరేచనాలు తగ్గాయి, టీకాలు పూర్తిగా వేయించారు, అమ్మానాన్నలిద్దరూ పిల్లలతో ఆడుకోవడం పెరిగింది. 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిందిది. మన ఆశా కార్యకర్త ఎలాగూ బాలింత ఇంటికి వెళ్తూనే ఉంది. బిడ్డ బరువు చూస్తుంది, టీకా తేదీ చెబుతుంది. "నువ్వెలా ఉన్నావమ్మా, రాత్రి నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరైనా సాయం చేస్తున్నారా" అని అడిగి, ఆ జవాబు వినేంతసేపు కూర్చునే తీరిక, దానికి తగ్గ శిక్షణ, తగ్గ జీతం ఆమెకి ఇంకా రావాలి.